ఆఖరి బంతికీ గారెలుండాలి: ఆన్‌లైన్ ఆటల్లో అప్‌డేట్లు ఎవరి కోసం

(బెంగళూరు మారతహళ్లిలో, ఆటల తయారీలో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వారమంతా అవుటర్ రింగ్ రోడ్డు మీద నలిగి, ఆదివారం కూడా ఇంత దూరం వచ్చారు. సంతోషం.

మాది కదిరి. మా వైపు పెళ్లి భోజనాలు బంతులు బంతులుగా సాగేవి. మొదటి బంతిలో కూర్చున్నవాళ్ల ఆకులో గారె పొగలు కక్కుతూ పడుతుంది. వడ్డించేవాళ్లకు అప్పటికి ఓపిక ఉంటుంది, రెండోసారి మూడోసారి అడిగి మరీ వేస్తారు. ఆఖరి బంతిలో కూర్చునేది ఎవరు? పొద్దుటినుంచి పందిట్లో పనిచేసినవాళ్లు, చంటిపిల్లలను నిద్రపుచ్చి వచ్చిన తల్లులు, బస్సు తప్పిపోయి ఆలస్యంగా దిగినవాళ్లు. వాళ్లు కూర్చునేసరికి గారెలు అయిపోయి ఉంటాయి, పక్కన ఆకులు ఎత్తేస్తూ ఉంటారు. మా అవ్వ మాత్రం పెళ్లి ఎవరిదైనా సరే, ఒక గంపెడు గారెలు ముందే తీసి, పైన గుడ్డ కప్పి, లోపలి గదిలో మంచం కింద పెట్టించేది. మొదటి బంతివాళ్లు ఎంత గట్టిగా అడిగినా ఆ గంప కదిలేది కాదు.

పన్నెండేళ్లుగా ఆటలకు అప్‌డేట్లు తయారుచేసే పనిలో ఉన్నాను. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గంప గురించే.

మీలో చాలామంది మొబైల్ ఆటల నుంచి వచ్చారు కాబట్టి రెండు మాటలు విడమరిచి చెప్తాను. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలో రైడ్ అంటే ఎనిమిదిమందో, పదిమందో, ఇరవైమందో, ఒకప్పుడైతే నలభైమందో కలిసి బాస్ అనే ఒక పెద్ద శత్రువు మీదికి పోవడం. అందరూ ఒకే వేళకు రావాలి, ఎవరి పని వాళ్లు తప్పకుండా చేయాలి. ఒక్కరు తప్పటడుగు వేసినా అందరూ చచ్చిపోయి మళ్లీ మొదటినుంచి. దాన్నే వైప్ అంటాం. వారానికి రెండు మూడు రాత్రులు దీనికే కేటాయించేవాళ్లు రైడర్లు. మిగతా అందరినీ క్యాజువల్ అనే ఒకే పేరుతో పిలిచేస్తాం. ఆ పేరు నాకు నచ్చదు. అందులో తీరిక లేనివాళ్లున్నారు, గుంపు లేనివాళ్లున్నారు, కథ కోసం ఆడేవాళ్లున్నారు, చేపలు పట్టుకుంటూ స్నేహితులతో కబుర్లు చెప్పుకునేవాళ్లున్నారు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. సాయంత్రం వాళ్ల చేతిలో ఉండదు.

నేను ఈ రెండు వైపులా ఉన్నాను. 2010లో ఇక్కడే, ఈ మారతహళ్లిలోనే ఒక లేడీస్ పీజీలో ఉండేదాన్ని. గదికి ముగ్గురం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో హీలర్‌ని, అంటే దెబ్బతిన్నవాళ్లకు ప్రాణం నింపేదాన్ని, యూరప్ సర్వర్ మీద. మన దేశంలో దానికి సర్వర్ లేదు. అక్కడివాళ్లకు రాత్రి 8 గంటలంటే మనకు చలికాలంలో 12:30, వేసవిలో 11:30. గదిలో ఇద్దరు నిద్రపోతుంటే దుప్పటి కప్పుకుని, మైక్‌లో గుసగుసగా, ట్యాంక్‌కి హీల్ పడదు నాలుగు సెకన్లు, జాగ్రత్త, అని చెప్పేదాన్ని. పదిమందిలో నలుగురం తెలుగువాళ్లం. మా ట్యాంక్, అంటే ముందు నిలబడి బాస్ దెబ్బలు కాసేవాడు, పోలండ్ మనిషి. అతను మా దగ్గర నేర్చుకున్న మొదటి తెలుగు మాట "ఆగు". తెల్లవారుజామున 3:30కి పడుకుని 8 గంటలకు క్యాబ్ ఎక్కేదాన్ని. అప్పుడు ఎవరైనా నాతో క్యాజువల్ ఆటగాళ్ల గురించి మాట్లాడితే, వాళ్లకేం కావాలో వాళ్లకే తెలియదు అనేదాన్ని. నిజంగానే అలా నమ్మాను.

ఐదేళ్ల తర్వాత నాకు పాప పుట్టింది. పాప పడుకున్నాక, గిన్నెలయ్యాక, నాకు మిగిలేది 40 నిమిషాలు. మనిషిని నేనే. చేతుల్లో అదే నేర్పు, ఆట మీద అదే ప్రేమ. మారిందల్లా గడియారం. ఇక్కడ కూర్చున్న డిజైనర్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇదే. మనం కాగితం మీద రైడర్ అని ఒక బొమ్మ, క్యాజువల్ అని ఇంకో బొమ్మ గీసి, మధ్యలో గీత గీస్తాం. నిజానికి అది చాలాసార్లు ఒకే మనిషి జీవితంలో రెండు కాలాలు. అప్‌డేట్ చేసేటప్పుడు ఆ మనిషి ఇటునుంచి అటు పోవడానికి, మళ్లీ తిరిగి రావడానికి దారి ఉందా లేదా అన్నది చూడాలి.

ఇప్పుడు పాత కథలోకి పోదాం. వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో మొదలైంది. మొదటి పెద్ద రైడ్ మోల్టెన్ కోర్‌కు నలభైమంది కావాలి. 2006 జూన్‌లో నక్స్‌రామస్ అనే రైడ్ వచ్చింది. పదిహేనుమంది బాస్‌లు, నలభైమంది దళం, అప్పటికి ఆటలో అంతకంటే కష్టమైన చోటు లేదు. ఏడు నెలలకే, 2007 జనవరిలో, కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే ఆటకు పెద్ద కొత్త భాగం, వచ్చి లెవెల్ పరిమితి పెరిగింది, ఆ రైడ్ వెనకబడిపోయింది. లోపలికి పోయి చివరిదాకా చూసినవాళ్లు బహు కొద్దిమంది. చిత్రకారులు, శబ్దం చేసేవాళ్లు, కథ రాసేవాళ్లు నెలల తరబడి కష్టపడి కట్టిన కోట అది. చివరికి 2008 నవంబరులో, తర్వాతి ఎక్స్‌పాన్షన్‌లో, అదే నక్స్‌రామస్‌ను పదిమందికీ ఇరవై ఐదుమందికీ సరిపోయేట్టు తేలిక చేసి మళ్లీ తెచ్చారు. అప్పుడు జనం చూశారు. మంచం కింద దాచిన గంప రెండేళ్ల తర్వాత బయటికి వచ్చినట్టు.

నేను రైడర్‌గా ఉన్నప్పటి ఐస్‌క్రౌన్ సిటడెల్ అనే రైడ్ 2009 డిసెంబరులో వచ్చింది. అందులో ఒక చక్కటి పని చేశారు. దీని గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే అప్‌డేట్ అంటే కొత్తది కట్టడమే అనుకుంటాం, కట్టినదాన్నే కాలంతో పాటు మార్చడం కూడా అప్‌డేటే. రైడ్ వచ్చినప్పుడు అందరికీ ఒకటే కష్టం. 2010 మార్చి నుంచి లోపలికి పోయినవాళ్లందరి బలం, ప్రాణం, హీలింగ్ 5 శాతం పెంచారు. కొన్ని వారాలకు 10, ఆ తర్వాత 15, అలా పెంచుకుంటూ 30 దాకా తీసుకుపోయారు. వద్దనుకున్నవాళ్లు లోపల ఉన్న రాజుగారితో మాట్లాడి దాన్ని తీసేయించుకోవచ్చు. మొదటి వారాల్లో చివరి బాస్ లిచ్ కింగ్‌ను కొట్టినవాళ్ల పేరు వాళ్లకే ఉంది, ఎవరూ లాక్కోలేదు. మా గుంపు 20 శాతం దగ్గర కొట్టింది. ఏడు వారాలు వైప్ అయ్యాం. ఆ రాత్రి నేను దుప్పటి తీసేసి అరిచేశాను, పీజీ అంతా లేచింది. పక్కమంచం అమ్మాయి ఏమైందే అని కంగారుపడింది. అంతమందిమి కలిసి ఏడు వారాలు నేర్చుకున్న పని పూర్తయిందన్న ఆనందం అది, ఆ 20 శాతం వల్ల వీసమెత్తు తగ్గలేదు.

దీనికి భిన్నంగా వచ్చింది రైడ్ ఫైండర్. 2011 నవంబరులో, డ్రాగన్ సోల్ అనే రైడ్‌తో పాటు. ఒక బటన్ నొక్కితే ఆటే ఇరవై ఐదుమంది తెలియనివాళ్లను కూడగట్టి, బాగా తేలిక చేసిన రైడ్‌లోకి పంపుతుంది. తీరిక లేనివాళ్లకు రైడ్ చూపించాలన్న ఉద్దేశం మంచిది, దాన్ని తప్పుపట్టను. పాప పుట్టిన కొత్తలో నేనే వాడాను. కానీ అక్కడ ఒకటి గమనించాను. నేను హీల్ చేయకుండా నిలబడినా బాస్ చచ్చిపోతోంది. పక్కవాళ్ల పేరు నాకు తెలియదు, నా పేరు వాళ్లకు తెలియదు. గేర్, అంటే ఆయుధాలూ కవచాలూ, వచ్చింది. మళ్లీ వారం వచ్చింది. మనం క్యాజువల్ అంటున్నవాళ్లకు తీరిక తక్కువే గాని నేర్చుకోవాలన్న పట్టుదల తక్కువ అని ఎవరు చెప్పారు? నాకున్న 40 నిమిషాల్లో నాకు సరిపోయే కష్టం కావాలి. నా చేయి పడితేనే గెలిచే ఆట కావాలి. రైడ్ ఫైండర్ నాకు రైడ్‌ను చూపించింది, నన్ను అందులో అవసరం లేనిదాన్ని చేసింది.

రైడర్ల బాధ ఏమిటో కూడా చెప్పాలి. బయట అందరూ అనుకునేది, తేలికగా గేర్ ఇచ్చేస్తున్నారని రైడర్లు కుళ్లుకుంటారని. కొందరు అంటారు, నిజమే. కాని గిల్డ్‌లను, అంటే ఎప్పుడూ కలిసి ఆడే గుంపులను, చంపేది అది కాదు. వేచి ఉండడం చంపుతుంది. సీజ్ ఆఫ్ ఆర్గ్రిమర్ అనే రైడ్ 2013 సెప్టెంబరులో వచ్చింది. తర్వాతి ఎక్స్‌పాన్షన్ 2014 నవంబరులో. మధ్యలో పద్నాలుగు నెలలు, అవే పద్నాలుగు బాస్‌లు. మొదట ఒక హీలర్ రావడం మానేస్తారు. పదిమందికి తొమ్మిదిమంది అవుతారు. ఆ పదోవాళ్లను వెతకడానికి గిల్డ్ పెద్ద రోజూ తిప్పలు పడతాడు. ఒక బుధవారం రైడ్ రద్దు అవుతుంది, ఆ తర్వాతి బుధవారం ఎవరూ అడగరు. మా గిల్డ్ అలాగే పోయింది. గొడవ లేదు, మాటామాటా లేదు. ఒకరోజు లాగిన్ అయితే లిస్టులో అందరి పేర్లూ బూడిద రంగులో ఉన్నాయి.

ఆ వచ్చిన ఎక్స్‌పాన్షన్ మొదట్లో కోటిమందికి పైగా చందాదారులను తెచ్చుకుంది. 2015 మధ్యకల్లా అది 56 లక్షలకు పడిపోయింది. ఆ ఏడాది నవంబరు తర్వాత చందాదారుల లెక్క బయటికి చెప్పడమే మానేశారు. పడిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, అన్నీ ఒకదాని మీద తోయను. ఆడినదాన్ని కాబట్టి నాకు కనబడింది చెప్తాను. అందులో ప్రతి ఆటగాడికీ సొంత కోట ఒకటి ఇచ్చారు, గ్యారిసన్ అని. గని అక్కడే, మూలికల తోట అక్కడే, అనుచరులను పనులకు పంపే బల్ల అక్కడే. రోజూ లాగిన్ కావడం, తోట కోయడం, అనుచరులను పంపడం, లాగౌట్. నగరాల్లో మనుషులు లేరు. తీరిక లేనివాళ్లకు ఇంటి పని లాంటి పని ఇచ్చారు, రైడర్లకు రైడ్ ఇచ్చారు, ఇద్దరూ ఎదురుపడే చోటు తీసేశారు.

ఎదురుపడే చోటు అన్నాను. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 2006 జనవరి. నేనప్పుడు ఆడటం లేదు, తర్వాత ఆడినవాళ్ల నోట విన్నాను, చదివాను. ఆన్‌కిరాజ్ అనే మూసుకుపోయిన నగరం. దాని తలుపులు తెరవాలంటే సర్వర్ మొత్తం యుద్ధానికి సరుకు పోగుచేయాలి. రాగి కడ్డీలు, నారగుడ్డ కట్లు, తోళ్లు, వండిన చేపలు. పదో లెవెల్‌లో ఉన్న పిల్లవాడు కూడా కట్లు కట్టి ఇవ్వొచ్చు, అవీ లెక్కలోకి వస్తాయి. ఇంకోవైపు, తలుపు దగ్గర జేగంట మోగించే రాజదండం కోసం గొప్ప రైడర్లు నెలల తరబడి కష్టపడాలి. రెండూ అయితేనే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్న రోజు పది గంటల యుద్ధం. జనం తాకిడికి సర్వర్లు కుప్పకూలాయి, అది వేరే సంగతి.

మా కదిరి నరసింహస్వామి తేరు చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు, చేతులెత్తారు. మోకు ముందు పట్టుకునేవాళ్లు కండలున్న కుర్రాళ్లు. చక్రం కింద చెక్క వేసి దిక్కు తిప్పేవాళ్లు అనుభవం ఉన్నవాళ్లు, ప్రాణాలకు తెగించి చేసే పని అది. మోకు చివర ఊరికే చెయ్యి వేసే ముసలమ్మ కూడా ఉంటుంది. తేరు కదిలిందంటే తన చెయ్యి కూడా ఉందని ఆమె అనుకుంటుంది, అందులో అబద్ధం లేదు. ఆన్‌కిరాజ్‌లో అలాంటి మోకు ఉంది. రైడ్ ఫైండర్‌లో లేదు, గ్యారిసన్‌లో లేదు.

ఫైనల్ ఫాంటసీ పద్నాలుగు అనే ఇంకో ఆన్‌లైన్ ఆట దగ్గరికి వస్తాను. అది 2010లో విడుదలై విఫలమైంది. నవోకి యోషిదా అనే నిర్మాత చేతికిచ్చి, పూర్తిగా మళ్లీ కట్టి 2013 ఆగస్టులో తెచ్చారు. మొదటి పెద్ద రైడ్ కాయిల్ ఆఫ్ బహామూత్. పాత ఆట ప్రపంచం ఎలా నాశనమైంది, ఆ తర్వాత ఏం జరిగింది, కథలో ముడి అంతా అక్కడే ఉంది. ఆ రైడ్ కష్టం వల్ల ఎక్కువమంది ఆ ముడి విప్పలేకపోయారు. 2015లో వచ్చిన అలెగ్జాండర్ రైడ్ నుంచి పద్ధతి మార్చారు. నార్మల్ అని ఒకటి, కథ అంతా అందులో ఉంటుంది, తెలియనివాళ్లతో కూడా పోవచ్చు, అయినా కాస్త నేర్చుకుంటేనే గెలుస్తారు. సావేజ్ అని ఇంకొకటి, అదే బాస్, కోరలు మొలిచి ఉంటాయి. 2017లో అల్టిమేట్ అని ఇంకో మెట్టు వచ్చింది. మొదటి అల్టిమేట్ ఏమిటో తెలుసా? ఆ పాత కాయిల్ బాస్‌లనే తీసుకుని ఒకే పోరుగా గుదిగుచ్చి, అందరికంటే ఆరితేరినవాళ్లకు వడ్డించారు. కొత్త బొమ్మలు తక్కువ, కొత్త ఆలోచన ఎక్కువ. గెలిచినవాళ్లకు ఒక బిరుదు, మెరిసే ఆయుధం. కొద్దిమంది కోసం ఇంత ఖర్చు దేనికని అడిగే మేనేజర్లకు చెప్పాల్సిన జవాబు ఇక్కడుంది. ఉన్న సరుకుతోనే వండొచ్చు.

ఆ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది రూలెట్. రోజుకోసారి ఆ వరుసలో నిలబడితే ఆటే నిన్ను నలుగురు కలిసి ఆడే ఏదో ఒక పాత డంజన్‌లోకి పంపుతుంది, బదులుగా మంచి బహుమతి ఇస్తుంది. సావేజ్ ఆడే రైడర్‌కు కూడా ఆ బహుమతి కావాలి. అందుకని నిన్నగాక మొన్న ఆట మొదలుపెట్టినవాళ్లకు పాత డంజన్‌లో నాలుగో మనిషి ఎప్పుడూ దొరుకుతాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు వడ్డించడానికి మొదటి బంతివాళ్లనే నిలబెట్టారన్నమాట. ప్యాచ్‌లు, అంటే అప్‌డేట్లు, కూడా మూడు నాలుగు నెలలకు ఒకటి, దాదాపు చెప్పిన వేళకు వస్తాయి. మధ్యలో ఆడాల్సింది అయిపోతే చందా ఆపేసి వేరే ఆటలు ఆడుకోండి, మళ్లీ ప్యాచ్ వచ్చినప్పుడు రండి అని యోషిదా బాహాటంగానే చెప్తూ వచ్చారు. చందా మీద బతికే ఆట పెద్ద ఆ మాట అన్నాడంటే, నేను చాలాసేపు ఆలోచించాను. తిరిగి వస్తారన్న నమ్మకం ఉన్నవాళ్లే పోనిస్తారు.

గిల్డ్ వార్స్ రెండు అనే ఆట ఇంకో పాఠం. 2012 ఆగస్టులో వచ్చింది, నెలవారీ చందా లేదు. 2013లో లివింగ్ వరల్డ్ అని రెండు వారాలకోసారి కొత్త కథ ఇవ్వడం మొదలుపెట్టారు. ఎంత వేగం చూడండి. కాని ఆ కథల్లో చాలా భాగం కొన్నాళ్లు ఉండి మాయమైపోయేది. అప్పుడు ఊళ్లో లేనివాళ్లకు, పరీక్షలు రాస్తున్నవాళ్లకు ఇక లేదు. ఆకులు ఎత్తేశారు. 2014లో రెండో సీజన్ నుంచి కథను దాచుకుని ఎప్పుడైనా ఆడుకునేట్టు మార్చారు. మొదటి సీజన్‌ను 2022లో మళ్లీ కట్టి తెచ్చారు. ఒకసారి పారేసినదాన్ని ఏళ్ల తర్వాత మళ్లీ వండటానికి ఎంత పని పడుతుందో ఈ గదిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అదే ఆటలో మెచ్చుకోవాల్సింది గేర్. పైస్థాయి గేర్ ఒకసారి సంపాదిస్తే ప్యాచ్ ప్యాచ్‌కూ పాతబడిపోదు. ఏడాది తర్వాత తిరిగొచ్చినా నీ కత్తి నీ కత్తే.

ఇప్పుడు మా తప్పు చెప్తాను. నేను ఇంతకుముందు పనిచేసిన చోట, పేరెందుకులెండి, ఒక మొబైల్ రోల్ ప్లేయింగ్ ఆటకు పండగ అప్‌డేట్ చేశాం. ఇరవై ఒక్క రోజులు, రోజూ ఒక దీపం వెలిగించాలి, ఇరవై ఒకటీ వెలిగిస్తే ఒక గుర్రం. ఆ లెక్క నేనే రాశాను. రోజూ జనం వస్తారు, గ్రాఫ్ పైకి పోతుంది అనుకున్నాను, పోయింది కూడా. చివరి వారంలో సపోర్ట్‌కు ఒక ఉత్తరం వచ్చింది. ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న ఒకామె. రెండు రోజులు వరుసగా డబుల్ డ్యూటీ పడి, ఫోను లాకర్‌లోనే ఉండిపోయిందట. పందొమ్మిది దీపాలు వెలిగించింది. గుర్రం రాదు. తిట్టలేదామె. ఆ రెండు రోజుల్లో తను చేసిన తప్పేమిటని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉత్తరం అచ్చు తీసి నా డెస్క్ దగ్గర అంటించుకున్నాను. ఉద్యోగం మారినా అది నాతోనే ఉంది.

తర్వాతి పండగకు అదే పని ఇలా మార్చాం. మొత్తం ఇరవై ఒక్క దీపాలే. కాని రోజుకొకటి అన్న షరతు లేదు. వారానికి ఏడు వెలిగే అవకాశం పోగవుతుంది, ఆదివారం ఒక్కసారే కూర్చుని ఏడూ వెలిగించుకోవచ్చు. పండగ అయిపోయాక మిగిలిపోయినవి గుడి పక్కన ఒక చిన్న అరుగు మీద ఉంటాయి, మరుసటి పండగ దాకా. రైడర్ల కోసం అదే గుడి వెనక ఒక బాస్‌ను పెట్టాం. దీపాలు ఎంతమంది ఎన్ని వెలిగిస్తే ఆ బాస్ గదిలో అంత వెలుగు, ఎక్కడ అడుగు వేయాలో అంత బాగా కనబడుతుంది. అప్పుడు మొదటిసారి మా ఆటలో గిల్డ్ పెద్దలు చాట్‌లో దీపాలు వెలిగించినవాళ్లకు దండాలు పెట్టడం చూశాను. కష్టపడి రాసిన ఏ కథకంటే నాకు అది ఎక్కువ.

చిన్న విషయం అనిపిస్తుంది గాని, అప్‌డేట్ బరువు గురించి కూడా చెప్పాలి. ఇంటికి వచ్చి, అన్నం తిని, 40 నిమిషాలు ఉందని కూర్చున్న మనిషికి 20 జీబీ డౌన్‌లోడ్ కనబడితే ఆ సాయంత్రం అయిపోయినట్టే. ముందురోజే వెనక నుంచి దించుకునేట్టు పెట్టండి. దిగుతుండగానే ఆడగలిగేట్టు పెట్టండి. మెయింటెనెన్స్ వేళ ఎవరి రాత్రిలో పడుతుందో చూడండి. ఫైనల్ ఫాంటసీ వారం రీసెట్, అంటే వారం బహుమతుల లెక్క మళ్లీ మొదలయ్యే వేళ, మనకు మంగళవారం మధ్యాహ్నం 1:30కి వస్తుంది, అందరం ఆఫీసులో ఉంటాం, ఎవరి రైడూ మధ్యలో తెగదు. మన అదృష్టం అది, ఎవరో మన కోసం చూసి పెట్టింది కాదు. మీరు చేసే ఆటల్లో చూసి పెట్టండి.

వార్‌క్రాఫ్ట్ కూడా నేర్చుకుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పాన్షన్‌లో డెల్వ్‌లు అని పెట్టారు. ఒక్కరే పోవచ్చు, ఐదుగురిదాకా పోవచ్చు. ఒక్కరే పోతే బ్రాన్ అనే మరుగుజ్జు వీరుడు తోడొస్తాడు, కావాలంటే హీలర్‌గా. మెట్లు ఉన్నాయి, పై మెట్లు నిజంగా కష్టం. వారం చివర బహుమతుల పెట్టెలో రైడర్లకు ఎలా గళ్లు ఉంటాయో వీళ్లకూ ఉంటాయి. నేను మొదటిసారి పై మెట్టు ఒంటరిగా పోయి నాలుగుసార్లు చచ్చిపోయి ఐదోసారి గెలిచినప్పుడు పన్నెండేళ్ల కిందటి చేతులు మళ్లీ వచ్చినట్టయింది. పదమూడేళ్ల కిందట రైడ్ ఫైండర్ ఇవ్వాలనుకుని ఇవ్వలేనిది ఇదే అనుకున్నాను.

ఒక ప్రశ్న ఉందన్నారు. చెప్పమ్మా.

(ఒక యువతి: అక్కా, మా టీమ్ మొత్తం ఆరుగురం. మూడు నెలలకు ఒక అప్‌డేట్ చేయగలం. రైడ్ చేస్తే మిగతావాళ్లు వెళ్లిపోతున్నారు, మిగతావాళ్లకు చేస్తే గిల్డ్‌లు ఖాళీ అవుతున్నాయి. ఏది చేయాలి?)

చాలా మంచి ప్రశ్న, మొన్నటిదాకా నా ప్రశ్న కూడా ఇదే. రెండూ చేయొద్దు తల్లీ, ఒక్క చోటు చేయండి. ఒక పాడుబడిన కోట అనుకో. నేల, గోడలు, శత్రువులు, సంగీతం అన్నీ ఒకసారే చేస్తారు. పగలు అది ఒంటరిగా వెళ్లేవాళ్లది, ఇరవై నిమిషాల్లో ఒక గది పూర్తవుతుంది, ఏ గది దగ్గర ఆపితే అక్కడే గుర్తుంటుంది. ఆ గదుల్లో శత్రువులు చేసే ప్రతి పనీ లోపలి బాస్ చేసే పనికి చిన్న రూపంగా పెట్టు. అగ్గి వలయం ఎలా తప్పుకోవాలో ఒంటరిగా నేర్చుకున్న మనిషిని రేపు రైడ్‌కు హీలర్ తక్కువైతే గిల్డ్ పిలుచుకోగలదు. రైడ్ బాస్ ఒక్కడే చాలు, కాని నాలుగో వారం నుంచి వాడి బలం కొంచెం కొంచెం తగ్గించు, ముందు వారాల్లో కొట్టినవాళ్లకు కోట గోడ మీద పేర్లు చెక్కించు. ఏదీ మాయం చేయకు. తర్వాతి మూడు నెలల్లో ఆ కోట పక్కన ఊరు కట్టు, కొత్త కోట కట్టకు. ఆరుగురి టీమ్‌కు అదే చేతనవుతుంది, అందులో చిన్నతనమేమీ లేదు.

ఇంకొక్కటి. విడుదల చేసిన రోజు మీ ఆరుగురిలో ఒకరిని ఆఖరి బంతికి ఉంచు. అంటే, ఆ మనిషి మొదటి నెల ఆట ముట్టుకోకూడదు. నెల తర్వాత, ఒక మామూలు బుధవారం, ఆఫీసు నుంచి ఇంటికిపోయి, తిని, అప్పుడు కొత్త ఖాతాతో మొదలుపెట్టాలి. ఏం దొరికింది, ఏం దొరకలేదు, ఎక్కడ మనిషి తోడు కావాల్సివచ్చి ఎవరూ లేరు, ఒక పుస్తకంలో రాయాలి. మా టీమ్‌లో ఈ పని రెండేళ్లుగా చేస్తున్నాం, వంతులవారీగా. పోయిన నెల నా వంతు. మూడో గదిలో తలుపు తెరవడానికి ఇద్దరు కావాలి, గంటసేపు ఎదురుచూశాను, ఎవరూ రాలేదు. మరునాడు పొద్దున ఆ తలుపుకు ఒక్కరే తిప్పగలిగే గడియ పెట్టించాను.